అయ్యవారి కొంగ లెక్క

మా ఎదురింటి యతిరాజులు అయ్యవారికి దారి చెప్పడం రాదు, దూరం చెప్పడం మాత్రమే వచ్చు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఆ సంగతి తిరుచానూరు పక్కనున్న మా ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఏ చోటు గురించి అడిగినా జేబులోంచి నోటుబుక్కు తీస్తాడు. తన గేటు నుంచి అది తూర్పుకెంత, ఉత్తరానికెంత అని చూస్తాడు. ఆ రెండింటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం లాగి, దూరం చేతిలో పెడతాడు. మధ్యలో ఇల్లుందా, గొయ్యి ఉందా అన్నది ఆయనకు అనవసరం.

ఒకసారి గుండు చేయించుకున్న యాత్రికుడొకడు అమ్మవారి గుడికి దారి అడిగాడు.

"తూర్పుకి అయిదొందల మీటర్లు, ఉత్తరానికి పన్నెండొందలు. కాబట్టి నేరుగా పదమూడొందలు" అని వేలు చూపించాడు అయ్యవారు.

ఆ అమాయకుడు వేలు పట్టుకునే పోయాడు. అరగంటకు మోకాళ్ళ దాకా బురదతో, వెంట మా ఊరి ఢిల్లీబాబు గేదెతో తిరిగొచ్చాడు.

"దారి తప్పినట్టుండారే" అన్నాడు అయ్యవారు, జాలిగా.

రోడ్డున పోతే పదిహేడొందలని నాకే తెలుసు. నన్నెవరడిగారు?

ఆయన భార్య పెరుందేవి మాత్రం గట్టి మనిషి. "నా కళ్ళజోడు యాడుండాది?" అని ఆయనడిగితే, "దేవుడి గూటికి తూర్పున మూడడుగులు, ఉత్తరాన నాలుగు" అంటుంది. "అంటే అయిదడుగులు" అని మురిసిపోయి ఆయనే లేచి తెచ్చుకుంటాడు.

ఇక మా రేవతి సంగతి. నా కూతురి బిడ్డ, నా దగ్గరే ఉంటుంది, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. కంపెనీ బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. అందాకా పిల్ల చీకట్లో ఒక్కతే నడవాలి. దారిలో కుక్కలు, తాగి పడిపోయినవాళ్ళు. ఇల్లు కిలోమీటరు దాటితే బస్సు ఊళ్ళోకే వస్తుందట. బస్సుల ఆఫీసరు ఫోన్లో పటం చూసి, తొమ్మిదొందల ముప్పై ఏడు మీటర్లే, కుదరదన్నాడు. అయితే నెలాఖరుకు పని మానేయమన్నాను. రేవతి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

లెక్కల మనిషి కదా అని అయ్యవారి దగ్గరికి పోయాను.

"తూర్పుకి ఆరొందలు, ఉత్తరానికి ఏడొందల ఇరవై... ఆయప్ప చెప్పింది సరిగ్గా ఉండాదక్కా" అన్నాడు సంబరంగా.

"మురిసిపోవద్దు ఐవోరా. మడి మీద ఎగిరిపోయేదానికి నా మనవరాలేమన్నా కొంగా?"

ఆయన నోటుబుక్కు మూసేశాడు. లెక్క తన వైపున్నా ఆయన దాన్ని మూసేయడం నేను చూడటం అదే మొదలు.

మర్నాటి నుంచి నాలుగింటికే టార్చిలైటుతో బయటపడేవాడు. "ఏం, నడకా?" అని పెరుందేవినడిగాను.

"మోకాళ్ళ నొప్పోడికి నడకేందో నాకూ తెలీదక్కా."

పిచ్చి ముదిరిందనుకున్నాను.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా మా గేటు ముందు హారన్ మోగింది. చూస్తే కంపెనీ బస్సు. సాయంత్రం రేవతి ఆఫీసరుకొచ్చిన ఉత్తరం ఫోన్లో చూపించింది. చదవమన్నాను.

"మా దారికి పదకొండు మలుపులు. మలుపు నుంచి మలుపుకు దూరం విడివిడిగా లెక్కగట్టి కలిపితే పద్నాలుగొందల ఇరవై మీటర్లు. తమరు చెప్పిన నేరు దూరం సరైనదే. కానీ మా ఎదురింటి చంద్రకాంతమ్మ చెప్పినట్టు, ఆ పిల్ల కొంగ కాదు."

"రోజూ నా వెనకాలే టార్చి వేసుకోని వచ్చినాడవ్వా" అంది రేవతి. "కొలస్తా ఉండా, పలకరించొద్దన్నాడు."

"పదకొండు మలుపులు కొలిచేదానికి పదైదు రోజులా?"

"ఒక్కరోజులోనే అయిపాయ. మిగతా రోజులు సరిచూసుకుంటా ఉండానన్నాడు."

ఆ రోజు చేసిన పులిహోరలో సగం ఎదురింటికి పంపించాను. మరీ పొంగిపోకుండా కారం కాస్త ఎక్కువే వేశాను.

మొన్న ఇంకో గుండు యాత్రికుడు దారి అడిగాడు. అయ్యవారు నోటుబుక్కు తీసి, నా గేటు వైపోసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"పదమూడొందలు, ఇది నా లెక్క. పదిహేడొందలు, ఇది చంద్రకాంతమ్మ లెక్క. నడిచి పోయేవాళ్ళయితే రెండోది పట్టుకోండి."

నేను రెండో తరగతిలోనే బడి మానేశాను. ఇప్పుడు నా పేరు మీద ఒక లెక్కుంది. ఈ ఊళ్ళో ఇంకెవరికుందో చెప్పమనండి.