స్టాపు ఎక్కడో చెప్పిన అవ్వ

ముందే చెప్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా నాన్న పాస్టరు. చీరాల దగ్గర మా సంఘానికి ఎవరినైనా దయ్యం పట్టిందని తీసుకొస్తే ఆయన ప్రార్థన చేసేవారు. నేను వెనక చాప మీద కూర్చుని, ఈమెకు రక్తం తక్కువుందేమో అనుకునేదాన్ని. పెద్దయ్యాక ల్యాబ్ టెక్నీషియన్‌నయ్యాను. నాన్న పోయాక ప్రార్థన కూడా మానేశాను.

ఇప్పుడు అమ్మా నేనూ బెంగళూరు శివారు హెబ్బగోడిలో ఒక అద్దె గదిలో ఉంటున్నాం. అమ్మకు వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆస్పత్రి బొమ్మసంద్ర వైపు, బస్సులో నాలుగు స్టాపులు. ఉదయం ఏడింటికల్లా అక్కడుండాలి. అరగంట ఆలస్యమైతే మిషన్ వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఇక మర్నాటి దాకా ఆగాల్సిందే.

పోయిన ఏడాది మా మెయిన్ రోడ్డు తవ్వేశారు, డ్రైనేజీ పైపులకని. స్టాపు బోర్డు పీకేసి పక్కన పడేశారు. మొదటి రోజు మేం అలవాటు చొప్పున పాత చోటే నిలబడ్డాం. బస్సు మమ్మల్ని దాటి ఎక్కడో ముందుకెళ్లి ఆగింది. నేను కేకలేస్తూ పరిగెత్తాను గానీ, అమ్మ పరిగెత్తలేదు కదా. ఆటోవాళ్లు ఆ గుంతల్లోకి రామన్నారు. ఆ రాత్రి అమ్మకు కాళ్లు వాచి, ఆయాసమొచ్చి, తెల్లవార్లూ గోడకానుకుని కూర్చుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వార్డు ఆఫీసుకు పంపుదామని మర్నాడు ఆ రోడ్డు ఫోటో తీశాను. ఈ ఫోటో సంగతి గుర్తుంచుకోండి.

తర్వాత నాకు తెలిసిందేమిటంటే, రోడ్డు పని జరిగినన్నాళ్లూ స్టాపు అనేది ఉండదు. ఎక్కడ సందు దొరికితే, ఎక్కడ జనం కనబడితే డ్రైవరు అక్కడ ఆపుతాడు. జనమేమో మొదట వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడితే అక్కడ చేరతారు. ఒకరిని చూసి ఒకరు. కండక్టరును అడిగితే, వచ్చేదాకా మాకే తెలియదమ్మా అన్నాడు.

అలాంటి రోజుల్లో కనబడింది అవ్వ. మూసేసిన హార్డ్‌వేర్ షాపు గోడకానుకుని, అడ్డంగా పెట్టిన ఆకుపచ్చ రేకుల వెనక గోనెపట్టా మీద కూర్చుని కనకాంబరాలు కట్టుకుంటోంది. ఆరున్నర కూడా కాలేదు, మసక వెలుతురు, దుమ్ము. బస్సు ఎక్కడాగుతుందో తెలుసా అని తెలుగులోనే అడిగాను. తల ఎత్తకుండా చెప్పింది.

“ఈడ రాదప్పా. ఆ బేకరీ ముందర నిలుచుకోండి. ఈ దినం ఆడ ఉండాది స్టాపు.”

నిలబడ్డాం. బస్సు సరిగ్గా బేకరీ ముందే ఆగింది.

అప్పట్నుంచి డయాలసిస్ ఉన్న ప్రతిరోజూ అవ్వను అడగడం, చెప్పిన చోట నిలబడడం. ఒకరోజు మెడికల్ షాపు, ఒకరోజు మసీదు సందు మొదలు. ఒక్కసారీ తప్పలేదు. నేను ల్యాబ్ మనిషిని కాబట్టి దానికో లెక్క చెప్పుకున్నాను. మేం నిలబడతాం, మమ్మల్ని చూసి పదిమంది చేరతారు, వాళ్లను చూసి బస్సు ఆగుతుంది. అవ్వకు జోస్యం అక్కర్లేదు. అమ్మ మాత్రం ఎప్పుడూ అవ్వను పలకరించేది కాదు. ఒంట్లో ఓపిక లేక అనుకున్నాను.

ఒకరోజు అవ్వ రేకుల సందులోంచి చెయ్యి చాపి ఒక మూర పూలిచ్చింది. మా సంఘంలో ఆడవాళ్లు పూలు పెట్టుకోరు. ఆ మాట పెద్దావిడతో అనలేక తీసుకుని, అమ్మ రిపోర్టుల ఫైల్లో పెట్టేశాను.

ఆ తర్వాతి వారమే నా లెక్క తప్పింది. ఆ రోజు పదిహేను మంది అప్పటికే బేకరీ ముందున్నారు. అవ్వ మొదటిసారి తలెత్తి చూసింది.

“ఈ దినం ఈడ నిలుచుకోవద్దప్పా. ముందు స్టాపు దాకా నడిచిపోండి. మెల్లగా పోయినా సాలు.”

ముందు స్టాపంటే ఆస్పత్రి వైపు తర్వాతి స్టాపు, అర కిలోమీటరు. అమ్మ నావల్ల కాదంది. నాకూ మనసొప్పలేదు, కానీ అప్పటికి అవ్వ మాట మీద గురి కుదిరింది. నాలుగుచోట్ల కూర్చోబెడుతూ నడిపించాను. మేం చేరేసరికి బస్సు పక్కరోడ్డులోంచి తిరిగొచ్చి అక్కడే మెయిన్ రోడ్డెక్కింది. మా స్టాపు దగ్గర సిమెంటు లారీ ఒకటి అడ్డంగా దిగబడిందట. బేకరీ ముందున్నవాళ్లు అలాగే ఉండిపోయారు.

ఆ ఉదయం అమ్మ రక్తంలో పొటాషియం ఎంతుందో చూసి సిస్టర్ ఇంకేం అడగకుండా ముందు మిషన్ ఎక్కించింది. ఈరోజు రాకపోయుంటే గుండె ఆగిపోయేది అని తర్వాత నాతో నెమ్మదిగా చెప్పింది. రోజూ అలాంటి రిపోర్టులు చూసేదాన్నే, ఆ అంకెను మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అవ్వకు ఒక స్వెట్టర్ కొని తీసుకెళ్లాను. రేకుల మీదుగా తొంగి చూశాను. అక్కడ నేల లేదు. గోడ మొదట్నుంచీ గుంతే, మనిషి లోతు, అడుగున పైపు. రాయచూరు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన ఉంటే ఆరా తీశాను. పని మొదలైన దగ్గర్నుంచీ ఇది ఇంతేనమ్మా, పిల్లి కూర్చోడానికి కూడా జాగా లేదు అని నవ్వాడు. ఫోన్‌లో పాత ఫోటో తీసి చూశాను. అవ్వ కనబడక ముందు తీసింది. అందులోనూ గోడను ఆనుకునే గుంత.

చుట్టుపక్కల షాపుల్లో అడిగాను. పూలమ్మే అవ్వను ఎవరూ చూడలేదు. ఆ తర్వాత నాకూ కనబడలేదు.

ఇంటికొచ్చి అమ్మనడిగాను, మనకు రోజూ స్టాపు చెప్పే అవ్వ నీకు గుర్తుందా అని.

“ఏ అవ్వే? నువ్వే కదా ఆ గోడ వైపు తిరిగి గొణుక్కుని, ఫలానా చోట నిలబడదాం అనేదానివి. మళ్లీ ప్రార్థన మొదలుపెట్టావనుకున్నా. లోపల ఎంత సంతోషపడ్డానో.”

కలగన్నాననుకుందామంటే, ఫైల్లో కనకాంబరాలున్నాయి. ఎండి రంగు పోయి, కాగితాలకు మరక చేసి, ఇప్పటికీ ఉన్నాయి. మా ల్యాబ్‌లో రెండు రిపోర్టులు ఒకదానికొకటి సరిపోకపోతే శాంపిల్ మళ్లీ తెమ్మంటాం. దీనికి మళ్లీ శాంపిల్ ఎక్కణ్ణుంచి తేను? నాకు తెలియదు. ఎవరికైనా తెలిస్తే చెప్పించుకోవాలని ఉంది.

రోడ్డు పూర్తయింది. ఇప్పుడు అక్కడ స్టీలు బెంచీలతో కొత్త షెల్టరు, పెద్ద బోర్డు ఉన్నాయి. స్టాపు ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. అయినా వెళ్లగానే ఒక్కసారి ఆ గోడ వైపు చూస్తాను. నేనటు తిరగ్గానే అమ్మ పక్కన నిలబడి కళ్లు మూసుకుంటుంది. నేను మళ్లీ ఇటు తిరిగేదాకా తెరవదు. అది ప్రార్థన కాదమ్మా అని చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అంత నమ్మకంగా చెప్పగలనో లేదో తెలియక, చెప్పలేదు.