కోత పండుగకు ఇచ్చిన బస్తా

ఈ సంగతి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయారు. పాస్టరుగారికి చెబుదామని ఎన్నోసార్లు గడప దాకా వెళ్లి, ఇంకేదో మాట్లాడి వచ్చేశాను. క్షణం కూడా మరవలేదంటే అబద్ధం. మధ్యమధ్య మరిచిపోయాను కూడా. పత్తిగింజల వాసన తగిలితే చాలు, మళ్లీ మొదలు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను చేసింది ఎంత పెద్ద తప్పో నాకిప్పటికీ తెలియదు. అసలు నా వల్లే జరిగిందో లేదో కూడా తెలియదు. తెలిస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఎనభైల నాటి మాట. చిలకలూరిపేట దగ్గర మా ఊరు. మా ఆయన పేటలో జిన్నింగు మిల్లులో పనిచేసేవారు. నేను ఇంట్లో ఒక గేదెను చూసుకుంటూ, చర్చిలో స్త్రీల సమాజానికి ప్రార్థన నడిపించేదాన్ని. ఆ ఏడు తుఫానుకు పత్తి చేలోనే తడిసింది. ఆ పత్తి ఆడించగా వచ్చిన గింజలు మిల్లులో కుప్పగా పడి వేడెక్కాయి. మా ఆయన రెండు బస్తాల గింజలు తెచ్చారు. ఒకటి తుఫానుకు ముందు తీసిన పత్తిది, శుభ్రంగా ఉంది. రెండోది విప్పితే గింజలు ఉండలు కట్టి, పచ్చగా బూజు. మంచిది కోత పండుగకు ఇద్దామని, రెండోది పారబొయ్యమని చెప్పి ఆయన పనికి వెళ్లిపోయారు.

పారబొయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఉండలు చితగ్గొట్టి, జల్లెడ పట్టి, బూజు దులిపి, మిరపకాయలు ఆరబోసిన కల్లంలో ఓ మూల పరిచాను. మా వైపు ఏది చెమ్మగిల్లినా మిరప కల్లంలోకే చేరుతుంది. అక్కడి ఎండకు బాగుపడనిది లేదని మా నమ్మకం. నాలుగెండలు తగిలేసరికి గింజ గలగలలాడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరప ఘాటు తప్ప ఏమీ లేదు. బాగైపోయిందనుకున్నాను.

నిజంగా అనుకున్నానా? అలాగైతే, ఆ గింజలు నానబెట్టి రుబ్బి మా గేదె ముందు పెట్టినప్పుడు, అది మూతి ఆనించి తల తిప్పుకుంటే, ఆ కుడితి తీసుకెళ్లి దిబ్బలో ఎందుకు పోశాను? పండుగకని ఉంచిన మంచి బస్తా దానికి విప్పి, ఎండబెట్టిన గింజలు పండుగకు ఎందుకు కట్టాను? గేదెకు తెలిసింది నాకు తెలియలేదా? మా గేదె పాలతోనే పిల్లలకు గడిచేది, అది ఒక కారణం. పండుగకు ఒట్టి చేతులతో వెళ్తే ప్రార్థన నడిపించే మనిషిని నలుగురూ ఏమంటారోనన్నది ఇంకో కారణం. రెండిట్లో ఏది ముందో ఇప్పుడు చెప్పలేను.

కోత పండుగంటే, పండిన దాంట్లో మొదటిది, మేలైనది దేవుడికి తెచ్చివ్వడం. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికున్నది వాళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలం పాట పెడతారు. పాడుకున్నది దీవెన అనుకుని ఇంటికి పట్టుకెళ్తారు. అక్కడ బస్తా విప్పి చూసే ఆచారం లేదు. దేవుడికిచ్చిన దాన్ని ఎవరు అనుమానిస్తారు? నా బస్తా ఏ మోతుబరో పాడుకుని ఎడ్లకు పడేస్తాడులే అనుకున్నాను. పాడుకుంది దీనమ్మక్క.

దీనమ్మక్క మా వెనకింటి ఆవిడ. భర్త లేడు. ఒక్కటే గేదె, అదీ చూడిది. అది ఈనితే పాలు పోసుకుని బతకొచ్చని చూస్తోంది. బస్తా ఎత్తించుకునే ముందు మూతి దగ్గర ముక్కు పెట్టి నా వైపు చూసింది.

"చెల్లే, ఇయ్యి మీ ఇంటియ్యేగా?"

"మావే అక్కా."

"మిరప ఘాటొస్తందేంటి?"

"కల్లంలో ఆరబోశాం, అందుకని."

"మంచియ్యేగా? చూడి గేదెకి పెట్టాల."

"మంచివే. నిశ్చింతగా పెట్టక్కా."

నిశ్చింతగా పెట్టమని నన్నెవరు చెప్పమన్నారు? అవునని తలూపితే సరిపోయేది. ఇన్నేళ్లకూ ఆ మాట నా గొంతులోనే వినిపిస్తుంది, కాస్త నవ్వుతూ అన్నట్టు.

కొన్నాళ్లకు ఆమె గేదె మేత తగ్గించింది. చర్చిలో పాడుకున్న గింజలు మేలు చేస్తాయని, అక్క బతిమాలి బతిమాలి ఇంకాస్త ఎక్కువ పెడుతోందట. తనే వచ్చి చెప్పింది. అప్పుడైనా ఆపమనొచ్చు. ఎందుకాపాలి అని అడిగితే ఏం చెప్పాలో తోచక, తవుడు మార్చి చూడమన్నాను. అవును, తవుడు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

గేదె ఈసుకుపోయింది. నెలలు నిండని దూడ చచ్చి పడింది. తర్వాత గేదె కూడా లేవలేదు. పేట నుంచి వచ్చిన పశువుల డాక్టరు, పాడైన మేత వల్ల కావచ్చు, అంటురోగం కావచ్చు అని, గింజలు చూపించమన్నాడు. బస్తా అప్పటికే ఖాళీ. పై వీధిలో ఇంకో గేదె కూడా ఆ ఏడే ఈసుకుపోయింది, అది మా గింజలు తినలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకొకరి గేదె చచ్చిందని సంతోషించిన మనిషిని నేను.

చాలా ఏళ్ల తర్వాత పాల కేంద్రం దగ్గర ఒక డాక్టరు చెబుతుంటే విన్నాను. బూజులో పుట్టే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరట. పైన బూజు దులిపినా, ఎండబెట్టినా అది పోదట. చూడి పశువులకు మరీ ప్రమాదమట. అయితే నేనే చంపానా? పై వీధి గేదె సంగతేమిటి? మా గేదెకు పెట్టి చూడకుండా ఇచ్చి ఉంటే నా తప్పు తక్కువయ్యేదా? ఎటు తిప్పినా తెగదు.

కానీ ఒక్కటి మాత్రం అనుమానం లేకుండా తెలుసు. గేదె పోయిన వారంలో దీనమ్మక్క మా ఇంటికి వచ్చింది. మిరప కోతలకు కూలికి వెళ్లి వస్తోంది, చేతులు మండుతున్నాయని కొంగుకు తుడుచుకుంటోంది. తను ఏం తప్పు చేసిందని దేవుడు ఇలా చేశాడో తనకు తెలియడం లేదనీ, తన తరఫున క్షమాపణ అడగమనీ నన్ను బతిమాలింది. ఇద్దరం మోకాళ్లూనాం. దీనమ్మ తప్పులు క్షమించమని, పేరు పెట్టి, గట్టిగా ప్రార్థన చేశాను. ఆమె ఏడుస్తూ ఆమెన్ అంది. పెరట్లో మా గేదె మంచి గింజల కుడితి తాగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అక్క పోయి చాలా కాలమైంది. తన పాపమేమిటో తెలియకుండానే పోయింది. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆ ప్రార్థనలో పేరు మాత్రం ఇప్పుడు సరిచేస్తున్నాను. దీనమ్మ ఏ తప్పూ చెయ్యలేదు. బస్తా నాది.