నిద్రలో దొరికిన డాలర్ సి

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి టీ పెట్టుకునే రకం నేను. ఇప్పటికీ అవేవీ నమ్మను. కానీ గౌలిపురలో జరిగిన ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

తొంభైల మొదట్లో ఉద్యోగానికని భీమవరం నుంచి హైదరాబాద్ వచ్చాను. నయాపూల్ దగ్గర ఒక చిన్న కంటి ఆసుపత్రిలో పాత యూనిక్స్ కంప్యూటర్ ఉండేది. రోగుల పేర్లు ఎక్కించి, ఆపరేషన్ తేదీల చీటీలు తీసే ప్రోగ్రామును చూసుకోవడం నా పని. గౌలిపురలో పాల వ్యాపారం చేసే యాదమ్మగారి ఇంట్లో గది తీసుకున్నాను. నా కిటికీ కిందే ఆమె బర్రెల కొట్టం. ఆమె వేలిముద్ర వేసే మనిషి.

రెండో నెలలో ప్రోగ్రాము మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలైంది. చీటీలు రాక, చూపు మసకబారిన ముసలివాళ్లు వరండాలో గంటలకొద్దీ కూర్చునేవారు. సోమవారంలోగా బాగుచేయకపోతే వేరే మనిషిని చూసుకుంటామని డాక్టరుగారు మర్యాదగానే చెప్పారు.

ఆగిపోయిన ప్రతిసారీ ప్రోగ్రాము ఒక ఫైలు వదిలేది. దాన్ని చదివి తప్పు పట్టుకునే సాధనం కూడా ఆ యంత్రంలోనే ఉంది. పేరు ఏడీబీ. దాన్ని ఎలా వాడాలో నాకు తెలియదు. వివరాలు చెప్పే పేజీలను, డిస్కులో చోటు చాలక, ఎవరో ఎప్పుడో చెరిపేశారు. ఎంటర్ కొడితే 'ఏడీబీ' అని తన పేరే చెప్పి ఊరుకునేది.

పుస్తకం కోసం కోఠీ పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను. యంత్రం అమ్మిన కంపెనీకి ఉత్తరం రాశాను. నయాపూల్‌లో పాత కాగితాలు కొనే రద్దీ కొట్టులో ఆ మాన్యువల్ అట్ట కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. తెరిస్తే లోపల పెళ్లి శుభలేఖల నమూనాలు!

"షాదీ ఉంటే చెప్పు భాయ్, మంచిగ అచ్చు కొట్టిస్త" అన్నాడు కొట్టాయన.

సోమవారం పొద్దున అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. పాలు పితుకుతున్న యాదమ్మగారు తలెత్తి అడిగారు.

"ఏంది బిడ్డా, మూడు దినాలసంది నిద్రల గదే లొల్లి? డాలర్ పెద్ద సీ, డాలర్ పెద్ద సీ అని ఒకటే ఒర్రుడు. బర్రెలు బెదిరి పాలు చేపుతలెవ్వు."

"నేనా?"

"మరి నేనా? డాలరంటే ఏందో గూడ నాకెర్కలే."

నేను నిద్రలో మాట్లాడతానని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నవ్వుకుంటూనే ఆసుపత్రికి వెళ్లాను. చేసేదేమీ లేక ఏడీబీ తెరిచి డాలర్ గుర్తు, పక్కనే పెద్ద అక్షరం సి కొట్టాను.

తెర నిండా వరసలు దిగాయి. ప్రోగ్రాము ఏ భాగంలో ఆగిందో, ఆ క్షణాన ఏ అంకె ఎక్కడుందో, అంతా ఉంది. పేరుకు నలభై అక్షరాల చోటే పెట్టారు. ఛత్రినాక నుంచి వచ్చే ఒక పెద్దాయన పేరు నలభై ఆరు అక్షరాలు. ఆయన రోజూ వచ్చి చీటీ అడుగుతున్నాడు, అడిగినప్పుడల్లా యంత్రం పడుకుంటోంది. చోటు పెంచాను. మధ్యాహ్నానికల్లా ఆయన చేతిలో చీటీ పెట్టాను.

"పేరు పెట్టింది మా తాత సారూ, నన్నేం అనకు" అని ఆయన నవ్వాడు. నా ఉద్యోగం నిలిచింది.

నెల తర్వాత కంపెనీవాళ్లు పుస్తకం పోస్టులో పంపారు. యాదమ్మగారికి చూపిద్దామని ఇంటికి తెచ్చాను. డాలర్ పెద్ద సి అచ్చంగా అందులో ఉంది.

"అయితె డాలర్ క్యూ గూడ ఉన్నదా సూడు" అన్నారామె, బర్రెలకు గడ్డి వేస్తూ. "ఆఖరికి గదే అనేటోనివి. గది అన్నంక ఇగ సప్పుడు చెయ్యక పండేటోనివి."

పేజీ తిప్పాను. ఉంది. ఏడీబీలోంచి బయటికి రావడానికి డాలర్ క్యూ కొట్టాలట.

నేను చదివిన కాలేజీలో యూనిక్స్ లేదు. ఆ పుస్తకాన్ని అంతకుముందు చూడలేదు. ఎక్కడైనా విని మరిచిపోయానేమోనని ఎంత తవ్వుకున్నా ఏదీ గుర్తుకు రాలేదు. ఆ తర్వాత నిద్రలో నా నోటి నుంచి ఒక్క మాట వినలేదని యాదమ్మగారే చెప్పారు. ఆ మూడు రాత్రులూ నాకు ఆ పాఠం ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నేళ్లయినా తెలియలేదు.