పాట ఎత్తుకోని పెద్దమనిషి

చెక్ దేశంలో, మొరావియాలోని మా ఊళ్లో ఫిడేలు వాయించే వావ్రినెత్స్ ఒకసారి కమాను పైకెత్తితే, దించేలోపు ద్రాక్షతోటలు రెండు కాపులు కాశాయి.

అది ఊరి జాతర. అతని కూతురు అపొలేన తన జోడీతో మొదటి నాట్యానికి సిద్ధంగా ఉంది. వాద్యాల ముందు నిలబడ్డవాడు పాట ఎత్తుకుంటేనే మావాళ్లు వాయిస్తారు. ఆ రోజు అక్కడికొచ్చి నిలబడ్డవాడు ఎవరో టూరిస్టు. ఫోనులో వీడియో తీస్తాడే గానీ నోరు విప్పడు.

"నాన్నా, వాయించవేం? కాళ్లు పీకుతున్నాయి!"

"ఉండవే, ఆయన్ని పాడనీ."

"పాడడు నాన్నా, నీ మీసాలు సినిమా తీస్తున్నాడు!"

చివరికి అపొలేన ఆయన్ని పక్కకు నెట్టి, తనే పాట ఎత్తుకుంది. వెంటనే తండ్రి ఫిడేలు ఆ పాటను అందుకుంది.

వావ్రినెత్స్ అలిగి జాతర ఆపేశాడని ఊరంతా అంటుంది. అతను మాత్రం విసుక్కుంటాడు:

"అలకా లేదు, గిలకా లేదు. ఎవరూ పాడకపోతే ఏం వాయించమంటారయ్యా?"