సూరి మావయ్య ఆ రోజు గ్రైండరు ముట్టలేదు

కిరోసిన్ వాసన ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ లేదు. ఉత్తరాదిన ఈ ఉక్కు ఊళ్లో మా సిద్ధగోరా ఇంటి వరండాలో మాత్రం నెల రోజులుగా ఉంది. పాత గోనె మీద పెట్టిన ఒక ఇనప దిమ్మకు అంటిన తుప్పుని నేను రోజూ పొద్దున్నే కిరోసిన్ గుడ్డతో తుడుస్తున్నాను. కారు ఇంజను మీద మూతలా కూర్చునే సిలిండర్ హెడ్డు అది. మా ఆవిడ దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమంటుంది. ఇవ్వను. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నవాణ్ణి ఇప్పుడు దాని గురించి చెప్పాలి.

ఈసారి విశ్వకర్మ పూజ పందిట్లో మా తెలుగు కాలనీ పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, కింద కూర్చున్న పిల్లలకు ఏటా చెప్పే నీతికథే మళ్లీ చెప్పాడు. "పూజ నాడు పనిముట్టు ముట్టుకుంటే ఏటవుతాదో తెల్సా? మన సూరిగాడు ముట్టాడు. నాలుగు దినాలు తిరక్కుండా బండి పాడైపోనాది, షెడ్డు మూతపడిపోనాది." పిల్లలు నవ్వారు. నేను చేతిలో కిచిడీ దొన్నెతో నిలబడి ఉన్నాను. ముప్పై అయిదేళ్లుగా వింటున్న అబద్ధం ఇది. అబద్ధమని నాకు ఎలా తెలుసంటే, ఆ రోజు గ్రైండరు ముట్టినవాణ్ణి నేనే.

సూరి మావయ్య మా అమ్మకు తమ్ముడు. ఖర్‌కాయి ఏటికి అవతల ఆదిత్యపూర్‌లో ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. ఆదివారం పొద్దున్న ఆయన స్కూటరు ముందు భాగంలో నిలబడి, వానాకాలంలో ఎర్రగా పొంగే ఏటినీ, వానలు తగ్గాక ఒడ్డంతా తెల్లబడే రెల్లునీ చూసుకుంటూ వంతెన దాటడం నాకు వారానికి ఒకసారి వచ్చే పండగ. మా ఊరి పిల్లలు గాజు గోళీలతో ఆడరు. ఎక్కడెక్కడి బేరింగులో పగలగొట్టి తెచ్చుకున్న ఉక్కు గుళ్లతో ఆడతారు. షెడ్డు వెనక తుక్కులో దొరికే గుళ్లన్నీ నావే కాబట్టి కాలనీలో నాకు మర్యాద ఎక్కువ.

మావయ్య పని అలాంటి ఇలాంటి మెకానిక్ పని కాదు. ఎత్తు ఎక్కలేక ఆయాసపడే కార్లు ఆయన దగ్గరికి వచ్చేవి. హెడ్డు విప్పి, గాలీ పెట్రోలూ కలిసి ఇంజనులోకి వెళ్లే దారుల్లో అచ్చు పోసినప్పటి గరుకునీ గడ్డల్నీ చేతి గ్రైండరుతో కొద్దికొద్దిగా అరగదీసేవాడు. తరువాత గరుకు ఎమరీ కాగితం చుట్టిన పుల్లతో గంటల కొద్దీ రుద్దేవాడు. ఆ దారుల మూతల్లాంటి వాల్వులు సరిగ్గా అతకడానికి వాటికి గరుకు ముద్ద రాసి, వాటికి అంటించిన కర్రని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పే పని నాది. ఆఖరికి దారుల్లో కిరోసిన్ పోసి, బీడీ ఒకటి కాల్చి వచ్చేలోపు ఒక్క చుక్క కూడా కిందికి జారకపోతేనే ఆయనకు తృప్తి. కొలవడానికి ఆయన వాడిన పరికరం చిటికెన వేలు. దారిలోకి వేలు పెట్టి కళ్లు మూసుకునేవాడు. గోడ ఎక్కడ మందమో ఎక్కడ పలచనో ఆ వేలు చెప్పేది.

"ఇంకా పెద్దది చెయ్యొచ్చు కదా మావయ్యా?" అని అడిగేవాణ్ణి.

"ఇది రేసు బండేటి అల్లుడూ? బజార్లో జనం మజ్జిన మెల్లగా పోయినా గుంజాల. దారి నున్నగుంటే సాలు, ఎడల్పెందుకు? గోడెనకాల ఇంజన్ని సల్లార్సే నీళ్లు తిరుగుతాయి, మర్సిపోకు."

మరిచిపోలేదు. నమ్మలేదు, అంతే. ఏదో పత్రికలో చూసిన రేసు ఇంజను బొమ్మలో దారులు గుహల్లా ఉన్నాయి. పదమూడేళ్లవాడికి బొమ్మ చెప్పిందే వేదం.

ఆ ఏడు పూజకు ముందు రోజు ఒక కంట్రాక్టరు కారు హెడ్డు నాలుగు దారులూ పూర్తిచేసి, తుడిచి, మావయ్య దాన్ని విశ్వకర్మ పటం ముందు పెట్టాడు. గ్రైండరుకు, సుత్తులకు, పానాలకు సిందూరం బొట్లు పెట్టాడు, బంతిపూల దండలు వేశాడు. పూజ నాడు పనిముట్టుకి విశ్రాంతి. దాన్ని కదపడం కూడా తప్పు. మధ్యాహ్నం పెద్దవాళ్లంతా పక్క వీధి పందిట్లో కిచిడీ, బూందీ, అమ్మ కలిపి తెచ్చిన పులిహోర తినడానికి వెళ్లారు. మైకు హోరెత్తిపోతోంది. నేను దండ తీసి పక్కన పెట్టి, ఎడమ చేత్తో గ్రైండరు పట్టుకున్నాను. అన్నం తినే చేతి విషయంలో అమ్మ నన్ను కొట్టి మార్చగలిగింది గానీ, పనిచేసే చేతిని మార్చలేకపోయింది. నాలుగో దారిని లోపలి నుంచి, కంటికి కనబడని చోట, నాకు తోచినంత వెడల్పు చేశాను. కిరోసిన్‌తో తుడిచి, దండ మళ్లీ వేసేశాను. బండి పరిగెత్తాక చెప్పి మెచ్చుకోలు పొందాలనుకున్నాను.

మర్నాడు మావయ్య ఆ హెడ్డుకి దణ్ణం పెట్టుకుని బిగించేశాడు. మళ్లీ వేలు పెట్టి చూడలేదు. పూజలో కూర్చున్న వస్తువుని ఎవరు ముట్టుకుంటారు?

నాలుగో రోజు కంట్రాక్టరు కుటుంబాన్ని ఎక్కించుకుని ఘాటు రోడ్డు ఎక్కుతుంటే, కాగితంలా పలచబడ్డ గోడ వేడికి చిల్లుపడి, నీళ్లు ఇంజనులోకి దిగి బండి చచ్చింది. ముసలీ ముతకా ఎండలో రోడ్డు పక్కన కూర్చున్నారట. కంట్రాక్టరు షెడ్డుకి వచ్చి వీధంతా వినేలా తిట్టాడు. పక్కనున్న పాన్ దుకాణం మనిషి అందుకున్నాడు. "పూజ నాడు గ్రైండరు సప్పుడు నాను ఇన్నాను."

మావయ్య విప్పిన హెడ్డు నాలుగో దారిలో చిటికెన వేలు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తీసి గుడ్డకు తుడుచుకున్నాడు. "తప్పైపోనాది బాబూ" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. నేను గుమ్మంలో ఉన్నాను, గుప్పిట్లో ఉక్కు గుళ్లు నొక్కుకుంటూ. మావయ్య అది తన చేతి పనే అనుకున్నాడని నన్ను నేను నమ్మించుకుని ఇన్నేళ్లూ నిద్రపోయాను.

ఆ తరువాత ఏ బండీ రాలేదు. దేవుడి కోపం తగిలిన షెడ్డు కదా. దేవుడికి ఏం పట్టింది? ఆ కోపం కాలనీది, పిరికితనం నాది. కారుకి ఊపిరి పోసిన ఆ చేతులు ఉక్కు ఫర్నేసు దగ్గర ఠేకా కూలిపనిలో ఇరవై ఏళ్లు పార పట్టాయి. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంటు పార్కింగు. ఖర్‌కాయి ఒడ్డున రెల్లు కూడా ముందున్నంత లేదు.

మావయ్య పోయిన చలికాలంలో పోయాడు. ఈసారి పూజ అయిన మర్నాడు అత్త దగ్గరికి వెళ్లి, అంతా చెప్పేద్దామని నోరు తెరిచేలోపు, ఆవిడ మంచం కింద నుంచి ఈ దిమ్మను లాగింది. కంట్రాక్టరు వేరేది వేయించుకున్నాడట, దీన్ని మావయ్య దాచుకున్నాడు.

"పతీ పూజకీ దీన్నే తీసి బొట్టెట్టీవోడు" అంది. "ఎవులు పాడుసేసినారయ్యా అంటే, పుర్రసేతోడి పని, నేర్సుకుంతన్నాడు అని నవ్వీవోడు."

ఇంటికి తెచ్చి టార్చి వేసి చూశాను. మూడు దారుల్లో అరగదీసిన గీతలు ఒక వైపు వాలి ఉన్నాయి. నాలుగో దానిలో రెండో వైపు. మా బంధువులందరిలో ఎడమచేతివాణ్ణి, పుర్రచేతోణ్ణి, నేనొక్కణ్ణే. వేలు పెట్టిన క్షణంలోనే ఆయనకు తెలిసింది. ఒక్క చెంపదెబ్బ కొట్టి ఉంటే నేను ఆ రోజే ఏడుస్తూ చెప్పేసేవాణ్ణి. ఎందుకు కొట్టలేదు మావయ్యా? నా మీద ఉన్న ఈ కోపం మీ మీద కూడా ఉంది.

పూజ పందిరి విప్పకముందే పరిగెత్తి, నిజం చెప్తానని మైకు అడిగాను. కమిటీ కుర్రాడు భుజం తట్టాడు. "ఛోడియే నా అంకుల్, పురానీ బాత్ హై." పాత సంగతి వదిలెయ్యమన్నాడు, మైకు ఇవ్వలేదు.

అందుకే ఇది రాశాను, ఆ ఎడమ చేత్తోనే.