మా అవ్వ అంజేరో నేర్చుకున్న రోజు

నా చిన్నప్పుడు నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత ఆవుల వెంట, ఆ తర్వాత సంసారం వెంట తిరగడంతోనే సరిపోయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇట్లా కూర్చొని రాయడం ఇదే మొదటిసారి. మాటలు ముందూ వెనకా పడితే ఏమీ అనుకోకండి. పోయిన ఆదివారం నేను జొన్నపిండితో ఒక అట్టు పోస్తుంటే మనవరాలు చూసి, ఇది దోసె కాదు, ఊతప్పమూ కాదు, మరేమిటని అడిగింది. అంజేరో అన్నాను, సోమాలియా వాళ్ళ వంట అన్నాను. హోసూరులో పుట్టి పెరిగిన నాకు సోమాలియా వంట ఎవరు నేర్పారో రాసి పెట్టమని నోటుపుస్తకం చేతిలో పెట్టింది. అందుకని రాస్తున్నాను.

అప్పుడు మేం హోసూరు పక్కనే మత్తిగిరిలో ఉండేవాళ్ళం. మాకు నాలుగు ఆవులు. అమ్మా నాన్నా పొద్దున బస్సెక్కి తళి పక్క తోటల్లో పనికి పోయేవాళ్ళు. ఇంట్లో నేనూ, మా అవ్వా. మా ఇంటికి ఒకే గోడతో ఆనుకొని ఇంకో ఇల్లు ఉండేది. ఒక వానాకాలం ఆ ఇంట్లోకి సోమాలియా దేశం నుంచి మొగుడూ పెళ్ళాం అద్దెకు వచ్చారు. ఆయన పశువుల ఫారంలో ఏదో నేర్చుకోవడానికి వచ్చాడు. వాళ్ళ దేశంలో ఒంటెలు, ఆవులు, మేకలే జనానికి ఆధారమని మా చిన్నాన్న చెప్పాడు. మా వీధిలో కాస్త ఇంగ్లీషు వచ్చింది ఫ్యాక్టరీకి పోయే ఆయనొక్కడికే. ఆవులూ మేకలూ అన్న మాట విన్న రోజే మా అవ్వకు వాళ్ళు చుట్టాలైపోయారు. "పాడి పెట్టుకొనేటోళ్ళంట. ఇంక మనోళ్ళే గదా" అని వీధంతా చెప్పుకొచ్చింది.

ఆమెను నేను పక్కింటి అక్క అని పిలిచేదాన్ని. రోజూ పొద్దున చెంబుతో పాలు తీసుకుపోయి ఇచ్చేది నేనే. మా భాషలో ఆమె నేర్చుకున్నవి ఒక అయిదారు మాటలు. పాలు, చాలు, అక్క, ఉంది, లేదు, పాప. నన్ను అందరూ పాపా అని పిలవడం విని ఆ చివరి మాట నేర్చుకుంది. గోడకు ఒక ఫోటో ఉండేది. అందులో ఐదేళ్ళ పిల్ల, రెండు జడలు, ముందు పళ్ళు లేవు. అక్క ఆ ఫోటో మీద వేలు పెట్టి "పాప" అనేది, తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకునేది. ఆ పిల్లను అక్క తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. నెలకొక జాబు వచ్చేది. జాబు వచ్చిన రోజు నాకు ఎక్కువ చక్కెర వేసిన టీ ఇచ్చేది.

ఆమె వంట చూడడమంటే నాకు పిచ్చి. జొన్నపిండి, గోధుమపిండి, కొంచెం మొక్కజొన్న పిండి నీళ్ళతో కలిపి, అరచేత్తో చాలాసేపు కొట్టి కొట్టి, నిన్నటి పులిసిన పిండి కాస్త చేర్చి రాత్రంతా ఉంచేది. తెల్లారి పెనం మీద చిన్న గిన్నెతో నడిమధ్య పోసి, ఆ గిన్నె అడుగుతోనే చుట్లు చుట్లుగా తిప్పేది. మూత పెట్టేది. మూత తీస్తే అట్టంతా తేనెపట్టు మాదిరి కళ్ళు కళ్ళుగా ఉండేది. దాని మీద నువ్వుల నూనె, చక్కెర వేసి, టీలో నానబెట్టి తినాలి. ఆ టీలో దాల్చిన చెక్క, లవంగాలు, ఏలకులు వేసేది. ఆ వాసన గోడ దాటి మా ఇంట్లోకి వస్తే, అక్క లేచిందని మాకు తెలిసేది. ఇంకో వంట అంబులో. అలసందలు మెత్తగా ఉడకబెట్టి, దానికీ చక్కెర, నువ్వుల నూనే. అన్నం తినేటప్పుడు అరటిపండు నంజుకునేది. అది చూసి నేను నవ్వితే, నా నోట్లోనూ ఒక ముక్క పెట్టేది.

ఆ ఏడాది మా ఎదురు వరసలో ఒక తాత చనిపోయాడు. అక్క కూడా మాతో వచ్చింది. సాయం చేద్దామని నేరుగా వాళ్ళ వంటింట్లోకి పోయి పొయ్యి రాజేయబోయింది. మా అవ్వ పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు, చుట్టుపక్కల వాళ్ళే వండి తెస్తారు. ఇది మాటలతో చెప్పలేక, చల్లారిన బూడిదలో ఆమె చెయ్యి పెట్టించి, పడుకోబెట్టిన తాతను చూపించి, మూతలు పెట్టి తెచ్చిన గిన్నెలను చూపించింది. అక్కకు అర్థమైంది. ఇంటికి పోయి అంబులో వండి, పళ్ళెం మూసి తెచ్చింది. "అలసందల్లోకి చక్కెరా!" అని ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ, గిన్నె ఖాళీ చేశారు.

ఆ తర్వాత అక్కకు జాబులు రావడం ఆగిపోయింది. ఒక నెల, రెండు నెలలు. వాళ్ళ ఊళ్ళో యుద్ధం జరుగుతోందని, ఇళ్ళ మీద బాంబులు వేస్తున్నారని రేడియోలో విని చిన్నాన్న చెప్పాడు. ఢిల్లీలో వాళ్ళ దేశం ఆఫీసు ఉందని, పిల్ల ఏమైందో అక్కడ కనుక్కొని వస్తానని ఆమె భర్త రైలెక్కాడు. అక్క ఒక్కతే మిగిలింది. నేను పొద్దున పోసిన పాలు మరుసటి పొద్దునకు విరిగి అట్లాగే ఉండేవి. నాలుగు రోజులు గోడ అవతల నుంచి టీ వాసన రాలేదు.

మా అవ్వ ఉండలేకపోయింది. ఐదో రోజు రాగిసంగటి చేసి, ఉలవచారు కాచి, పళ్ళెంతో మూసి గుడ్డ కట్టింది. ఎదురింటి పెద్దమ్మ ఇంకో గిన్నెలో అన్నం తెచ్చింది. మజ్జిగ చెంబు నా చేతికిచ్చారు. ముగ్గురం కలిసి పోయాం. మమ్మల్ని చూసి అక్క గోడ పట్టుకొని లేచింది. ఇంటికి వచ్చినవాళ్ళకు టీ పెట్టాలని స్టవ్వు దగ్గరికి నడిచింది. ఒంట్లో సత్తువ లేదు, తూలుతోంది. మా అవ్వ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"వొద్దు తల్లీ, స్టవ్వు ముట్టించొద్దు. మేం తెచ్చినాం గదా, కూర్చో."

అక్క చెయ్యి అట్లాగే ఆగిపోయింది. అవ్వ మొహం చూసింది. మూత పెట్టిన గిన్నెలు చూసింది. నా చేతిలో చెంబు చూసింది. తర్వాత గోడ మీది ఫోటో వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగింది.

"పాప లేదు?"

మాకు ఏమీ అర్థం కాలేదు. అక్క కిందికి జారిపోయి, నేల మీద చేతులు కొడుతూ అరవడం మొదలుపెట్టింది. అంతలో పెద్దమ్మ ఇంకో పని చేసింది. మాలో ఒకరు ఏడిస్తే పక్కనున్నవాళ్ళు ఊరికే ఉండకూడదు, పట్టుకొని తోడుగా ఏడవాలి. అది మర్యాద. పెద్దమ్మ అక్కను కావిలించుకొని "అయ్యో నా తల్లీ, ఎంత పని జరిగిపాయె" అని రాగం తీసింది. దాంతో అక్కకు ఉన్న ఆ కాస్త అనుమానమూ పోయింది. పిల్ల చచ్చిపోయింది, ఆ కబురు వీళ్ళకు చేరింది, అందుకే కూడు మూసి తెచ్చారని అనుకుంది.

ఆ గదిలో మేం ముగ్గురం ఎట్లా నిలబడ్డామో ఇప్పటికీ నాకు కళ్ళకు కడుతుంది. చిన్నాన్న షిఫ్టులో ఉన్నాడు, సాయంత్రం గానీ రాడు. పిల్ల లేదనుకోవద్దు అని చెబుదామంటే, ఉంది అని చెప్పినట్టు అవుతుంది. పిల్ల ఉందో లేదో మాకెవరికి తెలుసు? తెలియదు అనే మాట అక్కకు రాదు. ఆ మాట నేర్పాల్సిన అవసరం అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. చేతిలో మజ్జిగ కిందికి ఒలుకుతున్నా నాకు తెలియలేదు.

మా అవ్వకు మెల్లగా తట్టింది. గిన్నెల వైపు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నోరు ముయ్యే నువ్వు! నీ ఏడుపే ఆయమ్మను సంపేస్తా ఉంది" అని పెద్దమ్మను కసిరింది. గిన్నెలు రెండూ నా చేతికిచ్చి, "పోయి ఆవుల తొట్లో పోసెయ్ పాపా. ఒగ మెతుకు గూడా ఈ ఇంట్లో ఉండకూడదు" అంది. నేను పోసి వచ్చేసరికి అవ్వ స్టవ్వు ముందు కూర్చొని ఉంది. మా అవ్వ అప్పటిదాకా కట్టెల పొయ్యి తప్ప కిరసనాయిలు స్టవ్వు ముట్టింది లేదు. అది పేలుతుందని దానికి దూరంగా నడిచేది. నాలుగు పుల్లలు ఆరిపోయాయి. ఐదో పుల్లకు వత్తి అంటుకుంది. నీలం మంట లేచింది.

అవ్వ పోయి అక్కను లేపి, నడుం పట్టి తీసుకొచ్చి, ఆమె అరచెయ్యి ఆ మంట మీద వేడి తగిలేంత ఎత్తులో పట్టుకుంది. రెండో చేత్తో ఫోటో చూపించింది. అక్క మంటను చూసింది, ఫోటోను చూసింది, మళ్ళీ మంటను చూసింది. ఆమెకు ఎప్పుడు అర్థమైందో నేను చెప్పగలను. భుజాలు కిందికి దిగాయి. ఏడుపు ఆగలేదు, కానీ ఆ అరుపు ఆగింది.

అవ్వ అంతటితో వదల్లేదు. మూలనున్న పిండి కుండ మూత తీసి వాసన చూసి, ముక్కు ముడిచి, అయినా పెనం మీద పోసింది. అది ముద్దగా పడింది. అట్లకాడ తీసుకొని రెండో పక్కకు తిప్పబోతే, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అవ్వ మణికట్టు పట్టుకుంది. అంజేరోను తిప్పరు. ఒక పక్కే కాలుస్తారు.

"ఒగ పక్క కాలిస్తే పచ్చి వాసన రాదా అమ్మా? ఇదేం చోద్యమో!" అని అవ్వ గట్టిగానే గొణిగింది.

అక్క తల అడ్డంగా ఊపి, గిన్నె తన చేతిలోకి తీసుకుంది. కళ్ళు తుడుచుకోకుండానే నడిమధ్య పోసి, చుట్లు తిప్పి, మూత పెట్టింది. అది బాగా పులిసిపోయిన పిండి. మొదటి తునక తన నోట్లో వేసుకొని అవ్వ మొహం చిట్లించింది. రెండో తునక అక్క నోట్లో పెట్టింది. ఆ రోజు ఆమె తిన్నది సగం అంజేరో. అంతే.

ఆ మరుసటి రోజు నుంచి మా అవ్వ పొద్దున్నే పక్కింటికి పోయేది. ఉత్త చేతులతో పోయి స్టవ్వు వెలిగించి, ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు అక్క వైపు చూసేది. అవ్వ తప్పుగా చేస్తే దిద్దడానికైనా అక్క లేచేది. నేను గడపలో కూర్చొని చూసి నేర్చుకున్నాను. రెండు వారాలకు ఆయన ఢిల్లీ నుంచి వచ్చాడు. ఏ కబురూ తేలేదు. పక్క దేశంలో గుడారాల్లో వాళ్ళ ఊరివాళ్ళు ఉన్నారని, అక్కడ వెతకడానికి పోతున్నారని చిన్నాన్న చెప్పాడు. పోయే రోజు అక్క మా గుమ్మంలోకి వచ్చి అవ్వ రెండు చేతులూ పట్టుకొని, "పాప ఉంది?" అని అడిగింది. దీవించమని అడిగినట్టు అడిగింది. మా అవ్వ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆవుల కొట్టంలో కూర్చొని, "ఉందని ఒగ మాట అనలేకపోతినే పాపా" అని చాలాసేపు ఏడ్చింది. అంతవరకూ నేను మా అవ్వ ఏడవడం చూడలేదు.

వాళ్ళ నుంచి ఏ జాబూ రాలేదు. వచ్చినా ఆ భాష చదివేవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఇప్పుడు మేం మూకండపల్లిలో ఉంటాం, కొడుకు పని ఇక్కడే. మా వరసలో పనికని ఆంధ్రా నుంచి వచ్చిన వయసు పిల్లలు చాలామంది ఉన్నారు. మొన్న ఒక అమ్మాయి బిడ్డ బెంగళూరు ఆసుపత్రిలో ఉంటే, తను ఒక పూట ఇంటికి వచ్చిందని తెలిసి వీధిలో అందరూ క్యారియర్లు కట్టుకొని పోయారు. నేను ఉత్త చేతులతో పోయాను. పిసినారి ముసలిది అనుకున్నారేమో తెలియదు. గ్యాసు వెలిగించి, "నీకేం కావాల, ఎట్ల చెయ్యాల, నువ్వే చెప్పమ్మా" అని అడిగాను. బిడ్డకు నయమవుతుందని చెప్పే ధైర్యం నాకూ రాలేదు. ఆ అమ్మాయి చెప్పినట్టు టమోటా పప్పు చేశాను. ఉప్పు తక్కువైందని తనే లేచి వేసుకుంది. మా అవ్వ దగ్గర నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఇది చాలదని కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆ ఫోటోలోని పిల్ల బతికుంటే ఇప్పుడు నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ఆమెకూ మనవళ్ళు ఉంటారు.

నాకు చేతనైనంత రాశాను. తప్పులుంటే మీరే దిద్దుకొని చదువుకోండి, నన్ను మన్నించండి.