తారు పూసిన పడవ

“తారు పూస్తే సాలు గదక్కా. మా ఇంట్లో బొక్కెనకు పూసింది ఇంగా ఊడలేదు” అన్నాడు నారాయణప్ప.

“బొక్కెనకు నీళ్ళు లోపల ఉంటాయప్పా. దీనికి నీళ్ళు బయట, మనుషులు లోపల” అన్నాను.

“నీకు యాడ సూసినా తప్పే కనపడతాది.”

“కనపడేటట్ల సేస్తాండావు గాబట్టి.”

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ధర్మవరం దగ్గర ఒక చెరువు గట్టున, బోటింగ్ షెడ్డు ముందర జరిగింది. నేను ఆ షెడ్డులో ఎన్‌ఎంఆర్‌ను. అంటే రోజు కూలి లెక్కన పేరు రాసుకున్న మనిషిని. మూడో తరగతితో బడి మానిన నాకు అదే ఉద్యోగం. ఊడ్వడం, లైఫ్ జాకెట్లు ఎండేయడం, పడవ కడగడం నా వంతు. నారాయణప్ప పడవ నడిపేవాడు, నాకంటే ఒక మెట్టు పైన.

ఉన్నది ఒక్కటే ఫైబర్ పడవ. చెరువు ఎండిన ఏళ్ళలో దాన్ని బోర్లించను కూడా ఎవరికీ బుద్ధి పుట్టలేదు. గొర్రెలవాళ్ళు అందులో నీళ్ళు పోసి మందకు తాపేవారు. ఆ బరువుకు అడుగున చీలిక పడింది. నారాయణప్ప రోడ్డు పనివాళ్ళను అడిగి తారు తెచ్చి దాని మీద మెత్తాడు. మా పక్క కారే బొక్కెనకు చేసే వైద్యం అదే.

ఆ ఏడు చెరువు నిండింది. మేము ఈ మాటలు అనుకున్న రోజుకు మరుసటి ఉదయం పడవెక్కి చూస్తానని పై అధికారి కబురు పంపాడు. తేలకపోతే కండెమ్ చేస్తాడు, అంటే పనికిరాదని రాసి పాత ఇనుముతో పాటు వేసేస్తాడు. పడవ లేని షెడ్డుకు మా ఇద్దరితో పనేముంది?

హిందూపురంలో ఫైబర్ నీళ్ళ ట్యాంకులు అతికే ఒకాయన దగ్గర రెజిన్ అనే జిగురు, దానితో అతికే గాజుపీచు గుడ్డ ముందే తెచ్చిపెట్టాను. తారు మీద రెజిన్ పట్టదని ఆయన చెప్పి పంపాడు. ఆ మాట చెప్పి నారాయణప్పను ఒప్పించి, ఇద్దరం ఉలితో తారు గీకాము. మిగిలిన జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆ కిరసనాయిలు పోయేదాకా సబ్బు నీళ్ళతో కడిగి ఎండబెట్టాము. తర్వాత ఉప్పు కాగితంతో రుద్దాము. ఆ దుమ్ము ఒంటిమీద పడితే రెండు రోజులు దురద. చీర మీద మా ఆయన పాత చొక్కా తొడుక్కున్నా మెడంతా గోక్కున్నాను.

రెజిన్ గట్టిపడడానికి ఇంకో మందు కొద్దిగా కలపాలి. తొందరగా ఆరుతుందని నారాయణప్ప గుమ్మరించాడు. మగ్గులోనే పొగలొచ్చి రాయైపోయింది, నా సున్నం బ్రష్షు అందులో ఇరుక్కుంది.

“తొందరగా ఆరింది గదక్కా” అన్నాడు.

“ఆ మగ్గు నెత్తిన పెట్టుకోని పో” అన్నాను.

మిగిలిన రెజిన్ నేనే కలిపాను. గుడ్డ పరిచి, పూసి, గాలి బుడగలు పోయేదాకా నొక్కి, ఎండకు వదిలేశాము.

మరుసటి ఉదయం అధికారి జీపులో వచ్చాడు. డ్రైవరు పసుపు, కుంకుమ, పూలదండ తెచ్చి పడవ ముక్కును సింగారించాడు. లారీ బంపరుకు కొట్టే అలవాటుతో కొబ్బరికాయ ఎత్తి ఆ ముక్కుకే వేసి కొట్టాడు. కాయ పగల్లేదు. ముక్కు జానెడు చీలింది.

“బండికి కొట్టినట్లే కొడితిని గద సార్” అన్నాడు డ్రైవరు.

అధికారి చీలిక చూసి కండెమ్ మాట ఎత్తాడు. ముక్కు నీళ్ళలో మునగదని నారాయణప్ప మొరపెట్టుకున్నాడు. అడుగు గతి ఏమిటని అధికారి అడిగాడు. పడవను నీళ్ళలోకి తోసి, నేను చెప్పులు విడిచి అందులో కూర్చున్నాను. నా కాళ్ళు తడిస్తే ఆయన ఎక్కనక్కరలేదన్నాను. నారాయణప్ప ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. కాళ్ళు తడవలేదు. అధికారి లోపలికి వంగి చెయ్యి పెట్టి తడిమి చూసి, తనూ ఎక్కాడు.

మనకు కొత్తదైన వస్తువును ఇంట్లో ఉన్న వస్తువులాగా వాడితే అది పగులుతుంది. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే.

పడవ ఉండనీమని, ముక్కు అతకమని చెప్పి అధికారి జీపెక్కాడు. కొబ్బరికాయను డ్రైవరు గట్టు మీది బండకు కొట్టాడు. మేము పడవను మళ్ళీ ఎండలోకి లాగాము.